క్యాంపర్ వ్యాన్‌కు ఏసీ: రాత్రి లెక్క వేరు, మధ్యాహ్నం లెక్క వేరు

సరుకుల వ్యాన్‌ను తిరిగే ఇల్లుగా మార్చుకునేవాళ్లు ఏసీ దగ్గరికొచ్చేసరికి ముందుగా అడిగేది ఒక్కటే: ఎన్ని టన్నులది పెట్టాలి? ఇంట్లో గదికైతే ఈ ప్రశ్న చాలు. గోడకు సాకెట్ ఉంటుంది, కరెంటు వస్తూనే ఉంటుంది, బిల్లు సంగతి నెలాఖరున చూసుకోవచ్చు. వ్యాన్‌లో కరెంటు ముందే నింపి దాచుకున్న సరుకు. కాబట్టి ఏసీ ఏ వేళ నడవాలన్నది ముందు తేలాలి, సైజు సంగతి తర్వాత. పొద్దుగుంకాక ఎనిమిది గంటల నిద్రకు సరిపడా చల్లదనం ఒక మోస్తరు బ్యాటరీతోనే వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన వ్యాన్‌ను అదే బ్యాటరీతో చల్లబరచడం దాదాపు జరగని పని. ఏ రకం ఏసీ కొనాలన్న చర్చలు చాలావరకు ఈ తేడా చూడకుండానే సాగిపోతుంటాయి.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. వెనక నివాస భాగం 4 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. పైకప్పు, నేల, పక్కలు, ముందు, వెనక అన్నీ కలిపితే సుమారు 36 చదరపు మీటర్లు. రేకుకు లోపలివైపు 25 మిల్లీమీటర్ల మంచి ఫోమ్ అంటించారు. మధ్యలో ఉక్కు పక్కటెముకలు వేడిని దాటిస్తూనే ఉంటాయి కాబట్టి, ఒక్కో చదరపు మీటరు గుండా ప్రతి డిగ్రీ తేడాకు 1.2 వాట్లు లోపలికి వస్తుందని లెక్కిస్తే న్యాయంగా ఉంటుంది. బయట 40 డిగ్రీలు, లోపల 27 కావాలి. గోడల గుండా వచ్చేది సుమారు 560 వాట్లు. ఎండకు కాలిన పైకప్పు, ఎండవైపు పక్క కలిసి ఇంకో 200. ఇద్దరు మనుషుల ఒంటి వేడి 200. ఫ్రిజ్ 50. తలుపుల సందుల్లోంచి దూరే గాలి 150.

ఇక ముందు అద్దం. ఒకటిన్నర చదరపు మీటర్ల విండ్‌షీల్డు, రెండు తలుపుల అద్దాలు కలిసి ఎదురెండలో 600 నుంచి 800 వాట్లు లోపలికి వదులుతాయి. అంటే గోడలన్నీ కలిసి చేసే నష్టం కంటే ఇదే ఎక్కువ. మొత్తం 1,850 వాట్ల దాకా తేలింది. ఒక టన్ను ఏసీ అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం), అంటే 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోసే యంత్రం. కాబట్టి ఈ వ్యాన్‌కు అర టన్ను ఏసీ అటూఇటూగా సరిపోతుంది. అదే ఫోమ్ ఏమీ లేని ఉత్త రేకు బాడీ అయితే గోడల వంతే 2,000 వాట్లు దాటుతుంది, పైకప్పు ఎండకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, మొత్తం అవసరం టన్నుకు పైమాటే. ఫోమ్ లేకుండా పెద్ద ఏసీ పెట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

విండ్‌షీల్డుకు లోపలివైపు మెరుపు రేకు అట్ట పెట్టడం అందరూ చేసే పని. కొంత ఉపయోగమే. అయితే ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది. రేకు తిప్పికొట్టినంత తిప్పికొట్టినా, మిగిలిన వేడి అద్దానికీ అట్టకూ మధ్య ఇరుక్కుని నెమ్మదిగా లోపలికే వస్తుంది. బయటివైపు కప్పే దళసరి కవర్ ఆ ఎండను అద్దం దాకా రానివ్వదు. దాంతో సుమారు 550 వాట్ల భారం తగ్గుతుంది. ఏసీ ఒక వాట్ కరెంటుకు రెండున్నర వాట్ల వేడిని తోస్తుందనుకుంటే, 220 వాట్ల కరెంటు మిగిలినట్టు. ఆరు గంటలకు 1.3 కిలోవాట్ అవర్లు (కరెంటు బిల్లులో యూనిట్లు అనేవి ఇవే). 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో పట్టేది కూడా దాదాపు అంతే. మడిచి సీటు కింద పెట్టుకునే ఒక గుడ్డ కవర్, పది కిలోలకు పైబడిన బ్యాటరీ చేసే పని చేస్తుందన్నమాట. డ్రైవర్ సీట్ల వెనక దళసరి తెర ఒకటి వేలాడదీస్తే ఇంకా నయం. ముందు భాగం ఎంత కాలినా పడక భాగానికి ఆ సెగ తగలదు.

ఇప్పుడు కరెంటు వైపు నుంచి చూద్దాం. పై లెక్కలోని మధ్యాహ్నపు వ్యాన్‌కు, కవర్ లేకుండా, సుమారు 740 వాట్లు కావాలి. ఆరు గంటలకు నాలుగున్నర కిలోవాట్ అవర్లు. పైకప్పు మీద పట్టే 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు మంచి ఎండ ఉన్న రోజు మొత్తానికి ఒకటిన్నర నుంచి రెండు కిలోవాట్ అవర్లు ఇస్తాయి. పడుకోబెట్టిన ప్యానెల్ మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, పైగా వేడెక్కిన ప్యానెల్ దిగుబడి తగ్గుతుంది. ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. ప్యానెల్ పనిచేయాలంటే వ్యాన్ ఎండలో నిలబడాలి. చల్లగా ఉండాలంటే చెట్టు నీడన నిలబడాలి. రెండూ ఒకేసారి కుదరవు. "సోలార్‌తో నడిచే ఏసీ" అన్న ప్రచారం దగ్గర ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే.

రాత్రి కథ పూర్తిగా వేరు. బయట 29, లోపల 25 చాలు. ఎండ లేదు, అద్దం గొడవ లేదు. గోడల గుండా 170 వాట్లు, ఇద్దరు మనుషులు 200, ఫ్రిజ్, సందుల్లో గాలి కలిసి 100. మొత్తం 470 వాట్ల వేడి. రాత్రి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి కండెన్సర్, అంటే ఏసీలో వేడిని బయటికి వదిలే భాగం, కూడా తేలిగ్గా పనిచేస్తుంది. 200 వాట్ల కరెంటు సరిపోతుంది. ఎనిమిది గంటలకు 1.6 కిలోవాట్ అవర్లు. 200 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో రెండున్నర కిలోవాట్ అవర్లు ఉంటాయి కనుక తెల్లారేదాకా నడిచి, ఫ్రిజ్‌కూ దీపాలకూ ఇంకా మిగులుతుంది. ఖర్చైనదాన్ని మరునాడు ప్యానెళ్లు నింపగలవు. ప్రయాణం ఉంటే ఇంకా తేలిక: ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి 40 యాంపియర్ల ఛార్జర్ గంటకు అర కిలోవాట్ అవర్‌కు కాస్త పైగా ఇస్తుంది, మూడు గంటల ప్రయాణం ఒక రాత్రి ఏసీకి సరిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో మాత్రం ఈ లెక్క కుదరదు. వాటిని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతాయి, బరువేమో రెండింతలకు పైనే.

రాత్రి లెక్క నిలబడాలంటే ఒక షరతు ఉంది. పగలంతా ఎండలో మూసి ఉంచిన వ్యాన్ లోపల 50 డిగ్రీలు దాటుతుంది. చెక్క అరలు, పరుపు, నేల అన్నీ ఆ వేడిని పీల్చుకుని ఉంటాయి. అప్పుడే తలుపులు బిగించి ఏసీ వేస్తే మొదటి గంట రెండు గంటలు బ్యాటరీ అంతా సామాన్లను చల్లార్చడానికే పోతుంది. సాయంత్రం తలుపులు బార్లా తీసి, పైకప్పు ఫ్యాన్‌తో లోపలి వేడి గాలిని వెళ్లగొట్టాక ఏసీ వేయడం తేలికైన పద్ధతి. ప్రయాణంలో ఉంటే బండి సొంత ఏసీనే వాడుకోవచ్చు. ఇంజన్‌తో తిరిగే ఆ కంప్రెసర్‌కు ఎన్నో కిలోవాట్ల శక్తి ఉంటుంది. ఆగే ముందు అరగంట గాలి వెనక్కి తోలితే చాలు, వ్యాన్ చల్లగా ఉన్నప్పుడే రాత్రి మొదలవుతుంది. కార్లలో ఏసీ చరిత్ర కూడా ఇంజన్‌తోనే మొదలైంది. 1940 మోడల్ అమెరికన్ ప్యాకార్డ్ కార్లలో కంపెనీ తరఫునే ఏసీ వచ్చినప్పుడు దాని కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఆపాలంటే ఇంజన్ కట్టేసి బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. అక్కడి నుంచి చాలా దూరం వచ్చినా, ఆగిన బండిలో చల్లదనం కోసం ఇంజన్‌ను గంటల తరబడి ఖాళీగా తిప్పడం మాత్రం నేటికీ అన్నిటికంటే దండగమారి పద్ధతి.

ఇక యంత్రాల సంగతి. కారవాన్ల కాలం నుంచి ఉన్నది పైకప్పు ఏసీ. 14 అంగుళాల చదరపు రంధ్రంలో కూర్చుంటుంది, 13,500 లేదా 15,000 బీటీయూ, మెయిన్స్ కరెంటు మీద 1,300 నుంచి 1,800 వాట్లు లాగుతుంది. క్యాంప్‌సైట్‌లో ప్లగ్గు దొరికేవాళ్లకు ఇది నిశ్చింత. బ్యాటరీ మీద నడిపించాలనుకుంటే ఇబ్బందులు వరస కడతాయి. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే కొన్ని రెట్లు కరెంటు గుంజుతుంది, దానికి పెద్ద ఇన్వర్టరో (బ్యాటరీ కరెంటును మెయిన్స్ కరెంటుగా మార్చేది) ఆ కుదుపును తగ్గించే సాఫ్ట్ స్టార్టరో కావాలి. ఇన్వర్టర్ మార్పిడిలోనే పదో వంతు పోతుంది. వీటన్నిటికంటే పెద్ద లోపం సైజే. పైన చెప్పిన రాత్రికి కావాల్సింది 470 వాట్ల చల్లదనం. 13,500 బీటీయూ యంత్రం ఇచ్చేది దాదాపు 4,000. అంటే గంటలో ఏడెనిమిది నిమిషాలు మాత్రమే నడిచి కట్ అవుతూ ఉంటుంది. ప్రతిసారీ నెత్తిమీద గర్రుమని మొదలై నిద్ర చెడగొడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో గాలి చల్లబడుతుందే తప్ప గాలిలోని చెమ్మ తగ్గదు. చల్లటి ఉక్కపోత అంటే ఏమిటో పెద్ద ఏసీ పెట్టిన చిన్న వ్యాన్‌లో తెలుస్తుంది. పైగా సోలార్ ప్యానెల్ కూర్చోవాల్సిన చోటు పోతుంది, బండి ఎత్తు పెరుగుతుంది, 35 నుంచి 45 కిలోల బరువు నెత్తికెక్కుతుంది.

నేరుగా 12 వోల్టుల మీదో 24 మీదో నడిచే ఏసీలు ఈ లోటును తీర్చడానికి వచ్చాయి. లారీ డ్రైవర్లు ఇంజన్ ఆపేసి క్యాబిన్‌లో పడుకోవడం కోసం వచ్చిన పార్కింగ్ ఏసీలే చాలావరకు ఇటు మళ్లాయి. డోమెటిక్ కంపెనీ ఆర్‌టీఎక్స్ 2000 మోడల్ ఆ కోవలోదే. వేగం తగ్గించుకుని నడిచే కంప్రెసర్ కాబట్టి రాత్రి చిన్న భారానికి తగ్గట్టు నెమ్మదిగా, నిలకడగా తిరుగుతుంది. స్టార్టింగ్ కుదుపు లేదు, ఇన్వర్టర్ అక్కర్లేదు. వ్యాన్ నిద్ర కోసం దీన్ని మించినది ప్రస్తుతానికి లేదనే చెప్పాలి.

వీటిలో జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. మొదటిది ప్రకటనల్లోని అంకెలు. చల్లదనం అంకె ఫుల్ స్పీడ్‌ది ఇచ్చి, కరెంటు అంకె ఎకో మోడ్‌ది ఇస్తుంటారు. రెండూ ఒకే వేగానివా అని అడగకుండా కొనకూడదు. చల్లదనం వాట్లను కరెంటు వాట్లతో భాగిస్తే నాలుగు, ఐదు వస్తోందంటే ఎక్కడో తిరకాసు ఉన్నట్టే. ఈ సైజు యంత్రాలకు, వేడి గాలిలో, రెండు నుంచి మూడు మధ్య వస్తే అది నమ్మదగిన మాట. రెండోది వైరు. 12 వోల్టుల దగ్గర 700 వాట్లంటే 60 యాంపియర్ల దాకా పారుతుంది. బ్యాటరీ నుంచి ఐదు మీటర్ల దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే, రానూ పోనూ పది మీటర్లలో 0.66 వోల్టులు దారిలోనే పోతాయి, 40 వాట్లు వైరును వేడిచేయడానికి ఖర్చవుతాయి. బ్యాటరీ కాస్త దిగగానే ఏసీ తక్కువ వోల్టేజీ అని చూపించి ఆగిపోతుంది. బ్యాటరీలో ఛార్జి ఉండగానే ఏసీ ఆగిందంటే దానికి మూలం ఈ సన్నని కేబుల్ కావచ్చు. 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే నష్టం సగానికంటే తగ్గుతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

ఇంట్లో వాడే ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీని (ఇక్కడ ఇన్వర్టర్ అంటే కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే రకం) వ్యాన్‌లో బిగించేవాళ్లూ తక్కువేం లేరు. కారణం అర్థమయ్యేదే. ఖర్చు తక్కువ, కరెంటు పొదుపులో దీని ముందు తక్కినవి దిగదుడుపే, ఇండోర్ యూనిట్ చప్పుడు వినిపించనే వినిపించదు. ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చిక్కు. వెనక తలుపుకు తగిలిస్తే తలుపు కీళ్ల మీద భారం, వెనకనుంచి ఎవరైనా గుద్దితే మొదట పోయేది అదే. బండి కింద పెడితే బురద, దుమ్ము, కంకర, దానికి తోడు తను వదిలిన వేడి గాలినే మళ్లీ తను పీల్చుకునే ప్రమాదం. గోడకు కదలకుండా ఉండటానికి తయారైన యంత్రం రోజూ గతుకుల్లో కుదుపులు తింటుంది. రాగి గొట్టాల మూతి విప్పార్చి నట్టుతో బిగించే ఫ్లేర్ జాయింట్లు వదులై గ్యాస్ లీకవుతుంది. గొట్టాన్ని ఒకటి రెండు చుట్లు చుట్టి వదలడం, యూనిట్ కింద రబ్బరు దిమ్మలు వేయడం, జాయింట్లను సరైన బిగువుకు తిప్పడం వల్ల ఆయుష్షు పెరుగుతుంది, సమస్య పూర్తిగా పోదు. కంపెనీ వారంటీ ఇవ్వదు. ఇప్పటి స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది. పద్నాలుగు ఘనపు మీటర్లు కూడా లేని మూసిన పెట్టెలో, పక్కనే గ్యాస్ పొయ్యి ఉన్నచోట, జాయింట్లు మనుషులు పడుకునే వైపు రాకుండా చూసుకోవడం తెలివైన పని. స్వయంగా గ్యాస్ పట్టించి వాక్యూమ్ లాగగలిగినవాళ్లకు, లేదా ఒకేచోట నెలల తరబడి ఉండేవాళ్లకు ఇది మంచి ఎంపిక. రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకు తలనొప్పి.

5,000 బీటీయూ చిన్న విండో ఏసీని పక్క గోడలోనో మంచం కిందో అమర్చడం పేదవాడి ఉపాయం. 450 నుంచి 500 వాట్లతో నడుస్తుంది. దాన్ని అలమరలో దూర్చి వెనక ఒక్క చిన్న జాలీ పెడితే చాలదు. విండో ఏసీ పక్కల నుంచి బయటి గాలి పీల్చుకుని వెనక నుంచి వదులుతుంది. పీల్చేదారి, వదిలేదారి వేర్వేరుగా బయటికి తెరుచుకోకపోతే అలమరలోనే ఉడికి కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. సీటు కింద పెట్టే ప్రత్యేక యూనిట్లు ఈ పనిని పద్ధతిగా చేస్తాయి. బరువు కిందే ఉంటుంది, పైకప్పు ప్యానెళ్లకు మిగులుతుంది. చల్లగాలిని గొట్టాల్లో పైదాకా తోలాలి, నేలకు రంధ్రాలు కోయాలి, సామాను చోటు పోతుంది.

గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టే పోర్టబుల్ ఏసీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకే గొట్టం ఉన్నది లోపలి చల్లగాలినే వాడి కండెన్సర్‌ను చల్లార్చి బయటికి ఊదేస్తుంది. ఆ ఖాళీలోకి ప్రతి సందునుంచీ బయటి వేడిగాలి దూరుతుంది. రెండు గొట్టాలది కొంత మెరుగు. బ్యాటరీతో వచ్చే బుల్లి యంత్రాలు పక్క మీద పడుకున్న మనిషి మీదికి చల్లగాలి ఊదడానికి పనికొస్తాయి, వ్యాన్‌ను చల్లార్చడానికి కాదు.

నీళ్ల కూలర్‌ను చాలామంది తేలిగ్గా తీసేస్తారు కానీ, పొడి గాలి ఉన్నచోట దాని ముందు ఏ కంప్రెసరూ నిలవదు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.68 కిలోవాట్ అవర్ల వేడిని తీసుకుపోతుంది. ఫ్యానుకూ పంపుకూ అయ్యే కరెంటు కొన్ని పదుల వాట్లే. అంటే గంటకు రెండు లీటర్ల నీరు 1,360 వాట్ల వేడిని పీల్చుకుంటుంది, అయితే అందులో చాలా భాగం బయటి నుంచి లాగే వేడిగాలిని చల్లార్చడానికే పోతుంది. గాలి తేమ 20 శాతం ఉన్నప్పుడు 40 డిగ్రీల గాలిని కూలర్ సిద్ధాంతరీత్యా 22 దాకా దించగలదు, వాస్తవంలో 26 దాకా వచ్చినా గొప్పే. అదే 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న తీర ప్రాంతపు గాలినైతే 28 కంటే కిందికి దించలేదు. అప్పుడు లోపల మిగిలేది తడి మాత్రమే. కూలర్ నడుస్తున్నంతసేపూ ఒక కిటికీ తెరిచే ఉండాలి, తాగునీటి ట్యాంకుతో పోటీ ఉంటుందని మరువకూడదు. ఎక్కడ తిరుగుతారో తెలిస్తేనే దీని మీద నిర్ణయం.

జనరేటర్ ఉంటే మధ్యాహ్నం సమస్య కూడా తీరుతుంది కదా అనవచ్చు. తీరుతుంది, చప్పుడుతో, పొగతో. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. బిగించుకుని పడుకున్న వ్యాన్ పక్కన నడిచే జనరేటర్ ప్రాణాలు తీసిన ఘటనలున్నాయి. అలారం లేకుండా ఆ ఆలోచన చేయకూడదు. పెంపుడు కుక్కను ఏసీ వేసి వ్యాన్‌లో వదిలి వెళ్లడం కూడా అంతే ప్రమాదం. ఫ్యూజు పోయినా, ప్లగ్గు ఊడినా, ఎండలో మూసిన వ్యాన్ లోపల అరగంటలోనే ప్రాణం మీదికొచ్చే వేడి పుడుతుంది.

లోపలి చెమ్మ నీళ్లు బయటికి పోయే దారి గురించి చివరిదాకా ఎవరూ ఆలోచించరు. నిద్రలో ఒక్కో మనిషి గంటకు 40, 50 గ్రాముల తేమ వదులుతాడు. దానికి సందుల్లోంచి వచ్చే గాలి తేమ తోడై తెల్లారేసరికి లీటరు దాటిపోతుంది. ఇంట్లో ఏసీ ట్రే ఎప్పుడూ ఒకే వాలులో ఉంటుంది. వ్యాన్ నిలిపిన చోటల్లా వాలు మారుతుంది. ట్రేకు రెండు మూలల్లోనూ డ్రెయిన్ లేకపోతే, ముందుకు వాలిన రోజున ఆ నీళ్లన్నీ మంచం మీదే పడతాయి.

ఏసీ ఏదని తేలక ముందు, రేకుకు రంధ్రం పడక ముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. ఫోమ్ పని, తెరలు, కవర్లు అయ్యాక, అరువు తెచ్చిన చిన్న విండో ఏసీని వెనక తలుపు సందులో అట్టలతో, టేపుతో తాత్కాలికంగా బిగించాలి. ఇంటి ప్లగ్గు నుంచి కరెంటు ఇచ్చి, మధ్యలో యూనిట్లు చూపించే ప్లగ్ మీటరు పెట్టాలి. ఉక్కపోతగా ఉన్న రాత్రిని ఎంచుకుని అందులోనే పడుకోవాలి. పొద్దున్నే మీటరు మీద కనబడే అంకె ఆ వ్యాన్‌కు, ఆ మనుషులకు, ఆ ఫోమ్‌కు సరిపడే అసలు అంకె. దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే బ్యాటరీ సైజు తేలుతుంది. రాత్రంతా ఏసీ ఎన్నిసార్లు కట్ అయిందో గమనిస్తే యంత్రం సైజు కూడా తేలుతుంది. అట్ట ఊడదీశాక అప్పుడు కొలతలు గీసి రంపం పట్టుకోవచ్చు.